సంతల బండిలోనే కాపురం పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నేను, నా భార్య సంతల్లో స్టీలు, అల్యూమినియం సామాన్లు అమ్ముతాం. బుధవారం చటికొన, శుక్రవారం కుందులి, మధ్యలో లక్ష్మీపూర్ వైపు చిన్న సంతలు. ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు అవుతుంది, మళ్లీ తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరాలి. అద్దె ఆటోలకీ లాడ్జీలకీ డబ్బంతా పోతోంది. ఈమధ్య ఒక పాత క్లోజ్డ్ బాడీ వ్యాన్ కొన్నాను. వెనక డబ్బా పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉంటుంది. సగంలో సరుకు, సగంలో మంచం, పొయ్యి పెట్టుకుని వారంలో ఐదు రోజులు అందులోనే ఉండాలని ఆలోచన. క్యాంపర్ వ్యాన్ల వీడియోలు చూశాక ఉత్సాహం ఇంకా పెరిగింది. నీళ్లు, కరెంటు, చలి, వానలు ఎలా? డబ్బాకి కిటికీలు కోయించొచ్చా? రాత్రిళ్లు పోలీసులు ఏమైనా అంటారా? అద్దె ఇల్లు ఖాళీ చేస్తే నెలకు నాలుగు వేలు మిగులుతాయి, చేసేయమంటారా? మా పాప పార్వతీపురంలో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది.
– ఒక పాఠకుడు, రాయగడ

సమాధానం:

తమ్ముడూ,

మీ ఉత్తరం చదువుతుంటే మా పాత రోజులు కళ్లముందు కదిలాయి. నేను, మా ఆయన జయపురం నుంచి బట్టల మూటలు వేసుకుని మూడేళ్లు ఇలాంటి డబ్బా బండిలోనే తిరిగాం. అందుకే మీకు కాస్త వివరంగా రాయాలనిపించింది.

మీ ప్రశ్నల్లో నీళ్లున్నాయి, కరెంటుంది, చలి ఉంది, పోలీసులున్నారు. మా మరదలు దొడ్డికి ఎక్కడికి వెళ్తుంది, స్నానం ఎక్కడ చేస్తుంది, నెలసరి రోజుల్లో ఎలా గడుపుతుంది అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. తప్పు పట్టాలని అనడం లేదు. మా ఆయన కూడా మొదట బండికి రంగు గురించి, టైర్ల గురించి ఆలోచించారు కానీ ఇది ఆయనకి తట్టలేదు. కానీ బండి కాపురం నిలబడేదైనా, పది రోజుల్లో విసిగిపోయి ఇంటికి వచ్చేసేదైనా ఎక్కువగా ఈ ఒక్క విషయం మీదే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

బయట వసతి లేనప్పుడు ఆడవాళ్లు ఏం చేస్తారో తెలుసా? నీళ్లు తాగడం తగ్గించేస్తారు. నేనూ అదే చేశాను. పొద్దున సంతలో కూర్చుంటే సాయంత్రం దాకా లేవాల్సిన పని రాకూడదని గొంతు తడుపుకునేంత నీళ్లే తాగేదాన్ని. నెల తిరక్కుండానే మూత్రంలో మంట, చలిజ్వరం, పదిహేను రోజుల మందులు. ఆ తర్వాతే మా బండిలోకి మూత గట్టిగా పట్టే బకెట్లు రెండు వచ్చాయి. ఒకటి మూత్రానికి, ఒకటి దొడ్డికి. రెండూ కలవనివ్వకపోతే వాసన చాలా తగ్గుతుంది. రెండో దాంట్లో అడుగున రెండు అంగుళాల మందాన ఊక గానీ రంపపు పొట్టు గానీ పోసి, వెళ్లిన ప్రతిసారీ పైన ఇంకో రెండు గుప్పెళ్లు చల్లాలి. పొయ్యి బూడిద కలిపితే ఇంకా మంచిది. ఊక మన వైపు రైస్ మిల్లుల దగ్గర దొరుకుతుంది, ఒక గోనెసంచి ఉంటే చాలా రోజులొస్తుంది. బకెట్‌ను పొద్దున్నే ఖాళీ చేసేయాలి. వీలైతే మీ ఇంటి లెట్రిన్‌లో, లేదంటే వాగుకీ బావికీ బోరింగుకీ కనీసం రెండు వందల అడుగుల దూరంలో గొయ్యి తవ్వి పూడ్చేయాలి. ప్లాస్టిక్ సంచిలో కట్టి లోయలోకి విసిరేయడం మాత్రం వద్దు. కొండ కింద ఊరివాళ్లు ఆ వాగు నీళ్లే తాగుతారు.

పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీళ్లు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలన్నది ఆయిల్ కంపెనీల నిబంధన. అడగడానికి మొహమాటపడొద్దని మరదలికి చెప్పండి. డీజిల్ ఎప్పుడూ ఒకే బంకులో పోయించుకుంటూ ఉంటే అక్కడివాళ్లు ముఖం గుర్తుపడతారు. తాళం చెవి అడగ్గానే ఇస్తారు. మీరు తిరిగే దారిలో ఇలాంటి బంకులు మూడు నాలుగు చూసి పెట్టుకోండి.

స్నానానికి మాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటి ఉంది. వెనక తలుపులు రెండూ బయటికి తెరిస్తే రెండు వైపులా గోడల్లా నిలబడతాయి కదా, వాటి మధ్య బరకం కట్టేస్తే చాలు, స్నానాల గది అయిపోతుంది. కింద ఒక ప్లాస్టిక్ పలక వేసుకుంటే కాళ్లకి బురద అంటదు. మనిషికి ఒక బకెట్, పదిహేను లీటర్లు. రోజూ తలస్నానాలు కుదరవని ముందే ఒప్పుకోవాలి.

నీళ్ల లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇద్దరికీ తాగడానికి, వంటకి రోజుకి పది లీటర్లు, గిన్నెలకీ చేతులకీ పది, స్నానాలకి ముప్పై. అంటే రోజుకి యాభై లీటర్లు. లీటరు నీళ్లంటే కిలో బరువు. వీడియోల్లో చూపించే రెండు వందల లీటర్ల ట్యాంకు పెడితే సరుకుతో నిండిన బండి మీద ఇద్దరు ముగ్గురు మనుషుల బరువు అదనంగా పడుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను ఎలా మూలుగుతుందో మీకే తెలుస్తుంది. 20 లీటర్ల క్యాన్లు మూడు చాలు. ఒకటి తాగే నీళ్లకే, దానికి ఎర్ర గుడ్డ కట్టి వేరుగా ఉంచండి. ఊరి బోరింగు దగ్గర నింపుకునేటప్పుడు ముందు అక్కడి ఆడవాళ్ల బిందెలు నిండనివ్వండి. మరదలికి ఈ కొండల్లో మాట్లాడే దేశియా భాషలో నాలుగు మాటలు వచ్చుంటే ఇంకా మేలు.

ఇప్పుడు అన్నిటికన్నా భయపడాల్సిన విషయం. మీది క్లోజ్డ్ బాడీ. సరుకు కోసం కట్టిన డబ్బా అది, మనుషులు ఊపిరి పీల్చడానికి కట్టింది కాదు. దాని గడియ బయట ఉంటుంది. మీరు లోపల పడుకున్నప్పుడు ఎవరైనా తెలియక గడియ వేసినా, బండి దేనికైనా ఆనుకుని తలుపు బిగుసుకున్నా బయటపడే దారి ఉండదు. లోపలి నుంచి చీకట్లో కూడా చేతికి తగిలేలా తెరుచుకునే గడియ బిగించేదాకా ఒక్క రాత్రి కూడా అందులో పడుకోవద్దు. మంచం తలుపు వైపు, సరుకు క్యాబిన్ వైపు పెట్టండి. బ్రేకు వేస్తే సామాన్లు ముందుకే దూసుకుపోతాయి, వాటి దారిలో మీ పరుపు ఉండకూడదు. బిందెలు, డేగిసాలు కింద పేర్చి వల బిగించి కట్టండి. మంచం పైన అటకలా పేర్చొద్దు. బండి నడుస్తున్నప్పుడు వెనక డబ్బాలో ఎవరూ ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. ఇద్దరూ క్యాబిన్‌లోనే.

ఒక డిసెంబరు రాత్రి మేము పొట్టంగి దగ్గర ఆగాం. ఆ వైపు చలి మీకు తెలిసిందే, దేవమాలి కొండ అక్కడికి దగ్గరే. రాత్రిళ్లు పది డిగ్రీల కిందకి పోతుంది. రేకు డబ్బా లోపల చేతులు కొంకర్లు పోతున్నాయని బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని, పొగ లేదు కదా అని తలుపు వేసేశాం. రెండింటికి మెలకువ వచ్చేసరికి తల బద్దలవుతోంది. మా ఆయన లేవబోయి తూలి పడిపోయారు. కాళ్లతో తన్ని తలుపు తీశాను. ఇద్దరం బయట గడ్డిలో పడి వాంతులు చేసుకున్నాం. నాకు మెలకువ రాకపోయుంటే ఈ ఉత్తరానికి జవాబు రాసేదాన్ని కాదు. నివురుగప్పిన బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటే కాదు, గ్యాస్ పొయ్యి అయినా, కిరోసిన్ స్టవ్ అయినా, ఇంజను ఆన్ చేసి పెట్టినా ప్రమాదం అదే. చలికి కింద మందపాటి రబ్బరు మ్యాట్, దాని మీద పరుపు, పైన రెండు బొంతలు. వేడినీళ్లు పోసి మూత బిగించిన స్టీలు సీసాకి గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే తెల్లారేదాకా గడిచిపోతుంది. చలిమంట బయటే.

వంట కూడా బయటే చేసుకోండి. 5 కిలోల చిన్న సిలిండర్ మీకు సరిపోతుంది. గ్యాస్ గాలికన్నా బరువైనది, లీకయితే పైకి పోదు, నేల మీద మంచం కింద చేరి కూర్చుంటుంది. అందుకే సిలిండర్‌ను తలుపు పక్కనే పెట్టుకోవాలి, వంట అవ్వగానే రెగ్యులేటర్ కట్టేయాలి. వానొస్తే బరకం కింద చేసుకోండి. తిండి గురించి ఇంతకన్నా రాయక్కర్లేదు. కుక్కర్లో అన్నం, పప్పు, పొద్దున చోడి అంబలి, కుందులి సంతలో తాజా కూరగాయలు. ఇక ఫ్రిజ్‌తో పనేముంది?

గాలి గురించి, కిటికీల గురించి. ఇక్కడే చట్టం కూడా వస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకీ, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మీరు చూసిన వీడియోల్లోని బండ్లు వేరు. సొంత వాడకానికి పెట్టుకునే క్యాంపర్ వ్యాన్‌ను కేంద్రం రవాణాయేతర వాహనాల జాబితాలో పెట్టింది, అలాంటి బండ్ల తయారీకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. మీరు అమ్మకం సరుకు మోస్తారు. అమ్మకం సరుకు మోసే బండి చట్టం లెక్కలో సరుకు బండే. దాన్ని క్యాంపర్‌గా మార్పించాలని చూస్తే మీ వ్యాపారానికే అడ్డం వస్తుంది. నా సలహా అడిగితే, బండిని సరుకు బండిగానే ఉంచండి. మంచం, పొయ్యి, నీళ్ల క్యాన్లు అన్నీ విప్పి దింపగలిగేలా పెట్టుకోండి, దేన్నీ వెల్డింగ్ చేయించొద్దు. లారీ డ్రైవర్లు పరుపు, స్టవ్ వెంట పెట్టుకుని తిరగడం లేదూ, అలాగే.

మరి గాలి? వెనక తలుపు చోట సరిగ్గా పట్టేలా ఇనుప చట్రం చేయించి దానికి గట్టి జాలీ, లోపల దోమల జాలీ కొట్టించండి. రాత్రి తలుపు తెరిచి ఈ చట్రాన్ని లోపలి నుంచి గడియ పెట్టుకుంటే గాలి వస్తుంది, దొంగ రాడు. అయితే ఒక వైపే తెరిచి ఉంటే గాలి ఆడదు. ముందు వైపు పైన రెండు గాలి కన్నాలు అవసరం. వాటి కోసం కట్టర్ పట్టే ముందు రాయగడ ఆర్టీవో ఆఫీసులో అడిగి, అనుమతి కాగితం తీసుకోండి. బీమా కంపెనీకి కూడా చెప్పి పెట్టండి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ వేసినప్పుడు మెడకి చుట్టుకుంటుంది. పాత బండి అన్నారు కాబట్టి ఇంకో మాట. సరుకు బండికి 8 ఏళ్లు దాటాక ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. కొనేటప్పుడు ఆ కాగితం తేదీ చూశారా? పర్మిట్ ఒడిశా వరకే ఉంటే పాపని చూడటానికి సరుకుతో పార్వతీపురం దిగే ముందు ఆలోచించండి.

కరెంటుకి టెన్షన్ పడక్కర్లేదు. మీకు కావాల్సింది రెండు ఎల్ఈడీ బల్బులు, ఒక చిన్న డీసీ ఫ్యాను, రెండు ఫోన్ల ఛార్జింగ్. 20 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు, 5 వాట్ల బల్బులు రెండు ఐదు గంటలు, ఫోన్లు, అన్నీ కలిపి రోజుకి పావు యూనిట్ కూడా కాదు. 12 వోల్టుల 100 యాంపియర్ అవర్ బ్యాటరీలో యూనిట్ పైచిలుకు ఉంటుంది. మామూలు లెడ్ బ్యాటరీని సగం కన్నా ఎక్కువ వాడితే తొందరగా పాడవుతుంది కాబట్టి సగమే మీదనుకోండి. అయినా రెండు రోజులు వస్తుంది. 100 వాట్ల సోలార్ పలక ఒకటి కొని సంతలో దుకాణం ముందు ఎండలో పెట్టుకుంటే రోజు వాడకం రోజే నిండుతుంది. పైకప్పుకి బిగించే పనే లేదు. బండి స్టార్ట్ అయ్యే బ్యాటరీ నుంచి మాత్రం ఫ్యాను తిప్పొద్దు, తెల్లారి బండి తొయ్యాల్సి వస్తుంది. రెండో బ్యాటరీ దగ్గర ఫ్యూజు తప్పక వేయించండి. గాలి ఆడే చోట పెట్టండి. ఇండక్షన్ స్టవ్ ఆలోచన ఉంటే మానేయండి. 1500 వాట్ల స్టవ్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 125 యాంపియర్లు లాగుతుంది. అరగంట వంటకే బ్యాటరీ పడిపోతుంది.

రాత్రి ఎక్కడ ఆగాలన్నది పొద్దుండగానే తేల్చుకోవాలి. చీకటి పడ్డాక వెతికితే కనిపించిన చోటల్లా మంచి చోటులాగే ఉంటుంది. మా ఆయన ఒకసారి ఏటి ఇసుకలో ఆపేశారు, చల్లగా ఉందని. తెల్లారేసరికి వెనక చక్రాలు దిగిపోయాయి. నలుగురు రైతులు ఎద్దులతో లాగితే బయటపడ్డాం. అది ఎండాకాలం కాబట్టి సరిపోయింది. పైన కొండల్లో వాన పడితే కింద ఏరు చెప్పకుండా వస్తుంది. 2017 జులైలో మీ రాయగడ జిల్లాలోనే వరదలో ఒక రైలు వంతెన కొట్టుకుపోవడం మీరు చూసే ఉంటారు. ఏటి ఒడ్డు వద్దు. కొండ చరియ కింద అసలే వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండ విరిగిపడి ఎంతమంది పోయారో మనకి తెలుసు. సంత మైదానంలో తోటి వ్యాపారులు ఆగిన చోట, తెలిసిన ధాబా దగ్గర, బంకులో అడిగి, ఈ మూడే నాకు తెలిసిన మంచి చోట్లు. బండి ముఖం రోడ్డు వైపు ఉండాలి, అర్ధరాత్రి కదలాల్సి వస్తే వెనక్కి తిప్పే పని ఉండకూడదు. చక్రం కింద పెట్టిన రాయిని పొద్దున్నే తీసి పక్కన పడేయండి, రోడ్డు మీద వదిలేస్తే వెనకొచ్చే బైకువాడి ప్రాణం మీదకి వస్తుంది.

పోలీసులు ఆపి అడుగుతారు, అడగాలి కూడా. ఒకే చోట వరసగా రెండు మూడు రాత్రులు ఉంటే ఆ స్టేషన్‌కి వెళ్లి ఫలానా వాళ్లం, ఫలానా సంతకి వచ్చామని మీరే చెప్పండి. ఆ తర్వాత గస్తీకి వచ్చినవాళ్లు టార్చి వేసి బండి నంబరు చూసి వెళ్లిపోతారు. కొండ గ్రామాల దగ్గరైతే ముందు ఊరి పెద్దకి చెప్పాలి. కొండల మీద ఉండే డొంగ్రియా కొంధు గిరిజనులు మీ దగ్గర బిందెలు కొంటారు, అంతమాత్రాన వాళ్ల ఊరి మధ్యలో బండి ఆపి ఉండిపోయే హక్కు మనకి లేదు.

ఘాట్ గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదేమో, అయినా చెప్తాను. సరుకుతో సుంకి ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలితే బ్రేకులు కాలిపోయి పట్టు వదిలేస్తాయి.

దోమల జాలీ అన్నాను కదా, అది విలాసం కాదు. మన కొరాపుట్, రాయగడ కొండల్లో మలేరియా ఎంత ఉందో చూసే ఒడిశా ప్రభుత్వం 2017లో దమన్ అనే కార్యక్రమం పెట్టి మారుమూల ఊళ్లలో పరీక్షలు చేయిస్తోంది. జాలీ ఉన్నా మంచం మీద దోమతెర కట్టుకోండి. జ్వరం వస్తే అలసట అనుకుని మాత్ర మింగి సంతకి వెళ్లొద్దు. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి ఆశా కార్యకర్త దగ్గర అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. ఈ కొండల్లో వచ్చే రకం మెదడుకి ఎక్కగలదు, ఆలస్యం పనికిరాదు.

ఏ నెలల్లో ఉండొచ్చంటే, తుపాన్ల రోజులు తగ్గాక నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉండొచ్చు. మార్చిలో కొండ మీద పరవాలేదు. ఏప్రిల్, మేలలో రాయగడ, గుణుపురం వైపు మధ్యాహ్నం ఆ డబ్బాలోకి అడుగు పెట్టలేరు, రాత్రి కూడా రేకు వేడి వదలదు. జులై నుంచి సెప్టెంబరు దాకా బండిలో పడుకోవడం మానుకోండి. తడి బట్ట ఆరదు, పరుపు కింద బూజు పడుతుంది.

అందుకే మీ చివరి ప్రశ్నకి నా జవాబు: ఇల్లు ఖాళీ చేయొద్దు. ఏడాదిలో సగం నెలలు మీకు అది కావాలి. రేషన్ వేరే ఊళ్లో తీసుకునే వీలు ఉంది కానీ ఆధార్‌కి, గ్యాస్‌కి, బ్యాంకుకి, పాప స్కూలు కాగితాలకి ఒక చిరునామా ఉండాలి. మీ బకెట్లు కడుక్కోవడానికి, క్యాన్లు ఎండబెట్టుకోవడానికి, జ్వరంతో పడుకోవడానికి కూడా ఇల్లే కావాలి. నాలుగు వేలు భారమైతే ఇంకా చిన్న గదికి మారండి, లెట్రిన్, బండి ఆపుకునే జాగా ఉన్నది చూసి. లాడ్జి అద్దె, ఆటో అద్దె మిగిలితే ఆ డబ్బు ఎలాగూ వస్తుంది.

కట్టర్ పట్టకముందే, పలకలు కొనకముందే ఒక పని చేయండి. లోపలి గడియ, జాలీ చట్రం, రెండు బకెట్లు, మూడు క్యాన్లు, పరుపు, దోమతెర, ఒక రీఛార్జి లైటు సిద్ధం చేసుకుని, మీ ఇంటి ముందే బండిలో మూడు రాత్రులు పడుకోండి. తలుపు పూర్తిగా తెరిచి, జాలీ చట్రం మాత్రమే పెట్టుకుని. ఆ మూడు రోజులూ ఇంట్లో నీళ్లు, ఇంట్లో మరుగుదొడ్డి ముట్టుకోకూడదు. నాలుగో రోజు పొద్దున ఏం మార్చాలో మరదలిని చెప్పమనండి, మీరు రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని తర్వాత చటికొన సంతకి ఒక రాత్రి, కుందులికి రెండు రాత్రులు వెళ్లి రండి. దసరా సెలవులకి పాప వచ్చినప్పుడు మాత్రం ముగ్గురూ ఇంట్లోనే పడుకోండి. మజ్జిగౌరమ్మ గుడికి ఆ బండిలోనే తీసుకెళ్లండి, ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని.